మొహం చూసి చెప్పు

కొండ పొగ కక్కడం మొదలై నెల దాటింది. ఇక ఊరు ఖాళీ చేయాల్సిందేనని రాజధాని నుంచి కబురు వచ్చిన రోజునే బ్రదర్ కానెల్ గొంతు పూర్తిగా పోయింది.

ఓకర్ బే ఊళ్ళో ఏ సభ జరిగినా మాట్లాడేది ఆయనే. ప్రార్థన మందిరంలో ఆయన గొంతెత్తితే రేవులో వలలు ఆరేసుకునేవాళ్ళు కూడా తలతిప్పి చూసేవాళ్ళు. అలాంటి మనిషి గంధకపు ఘాటుకి రోజుల తరబడి దగ్గి దగ్గి, ఆ పొద్దున వెర్లిన్ ఇంటి గుమ్మంలో నిలబడి గాలి ఊదుతున్నట్టు మాట్లాడాడు.

"అమ్మాయ్, మధ్యాహ్నం సభలో నువ్వే చెప్పాలి."

వెర్లిన్ కాలు మిషను తొక్కడం ఆపేసింది. ఊళ్ళో బడిపిల్లల బట్టలన్నీ కుట్టేది ఆమే. విపత్తు కమిటీకి కార్యదర్శి కూడా. అంటే హాలు తాళాలు తీయడం, బల్లలు వేయించడం. మాట్లాడటం ఎన్నడూ ఆమె పని కాదు.

"నేనా? నా సంగతి మీకు తెలియంది కాదు బ్రదర్. చదవమంటే చదువుతాను. నిలబడి చెప్పమంటే నావల్ల కాదు."

"చదివితే ఒక్కడు కదలడు. పోయిన ఈస్టరుకి వాక్యం చదివావే, ఎవరికి చదివావు?"

"అందరికీ."

"గోడకి చదివావు. వెనక గోడ మీద బల్లి ఉందని ఆ రోజు నీ ఒక్కదానికే తెలుసు."

ఆయన నవ్వబోయి దగ్గాడు. వెర్లిన్ మంచినీళ్ళు ఇచ్చింది. గుక్క తాగి, వేలు ఆడిస్తూ చెప్పాడు. "ఒక మాట ఒక మనిషికి చెప్పు. మొహం చూసి చెప్పు. ఆ మాట అయ్యేదాకా చూపు తిప్పకు. గుడ్లురిమి చూడమనట్లేదు, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు చూడు. మాట లోపలికి దిగిందో లేదో వాళ్ళ కళ్ళే చెబుతాయి. దిగకపోతే ఇంకోలా చెప్పు. దిగితే పక్క మనిషి దగ్గరికి పో."

"మా నాన్న వస్తాడా?"

"రాకుండా ఎక్కడికి పోతాడు? ముందు వరుసలోనే కూర్చుంటాడు. ఎజ్రాయ్ లేస్తే ఊళ్ళో సగం మంది లేస్తారు. ఎజ్రాయ్ కూర్చుంటే అందరూ కూర్చుంటారు. అది నీకూ తెలుసు."

తెలుసు కాబట్టే వెర్లిన్ మళ్ళీ మిషను వైపు తిరిగింది.

తండ్రీ కూతుళ్ళు ఉండేది ఒకే ఇంట్లో. కానీ తల్లి పోయినప్పటి నుంచీ వాళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. తల్లికి జబ్బు ముదిరినప్పుడు పట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామని పట్టుబట్టింది వెర్లినే. మన మంచం మీదే పోనివ్వు అన్నాడు ఎజ్రాయ్. కూతురి మాటే నెగ్గింది. తల్లి పట్నంలో, ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య, మొగుడు పక్కన లేని వేళ కన్నుమూసింది. ఆ తర్వాత వెర్లిన్ ఏమడిగినా ఒక్కోసారి జవాబు వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. సీమపనస కాల్చనా నాన్నా, చేప వేయించనా అని పొయ్యి దగ్గర నుంచే అడిగేది. వెనక నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నన్ను క్షమించలేదు అనుకుంది. అలా అనుకున్నప్పటి నుంచి ఆయన కళ్ళలోకి చూడటం మానేసింది.

దానికి తోడు ఆయనకి ఈ కొండతో పాత పగ ఉంది. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు అది ఒకసారి పేలింది. అప్పుడూ ఇలాగే ఊరిని తరలించారు. తిరిగి వచ్చి చూస్తే బూడిద కింద కట్టుతాళ్ళూ, ఆ తాళ్ళకి ఆయన మేకల ఎముకలూ మిగిలాయి. ఇప్పుడు ఆయనకి మళ్ళీ మేకలున్నాయి. ఊరు వదలడం గురించి ఎవరెత్తినా లేచి దొడ్లోకి వెళ్ళిపోయేవాడు.

మధ్యాహ్నానికి బడి హాలు నిండిపోయింది. కిటికీలు మూసినా గంధకం వాసన లోపలికి వస్తూనే ఉంది. ఆడవాళ్ళు పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. బ్రదర్ కానెల్ తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని చివరి బల్ల మీద కూర్చున్నాడు. ముందు వరుసలో, ఎడమ పక్క, టోపీ మోకాలి మీద పెట్టుకుని ఎజ్రాయ్.

వెర్లిన్ నిలబడింది. కళ్ళు వాటంతటవే వెనక గోడ మీదికి పోయాయి.

"అందరికీ నమస్కారం. కొండ లోపల నుంచి కొత్తగా... సాయంత్రం లారీలు వస్తాయి, దక్షిణాన బడిలో బస... మేకలకీ ఆవులకీ రేవులో బల్లకట్టు వస్తుంది, వాటిని అక్కడి పచ్చిక బీడుకి..."

"అమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావు?" సారా కొట్టు నడిపే ఇసిల్మా, ఊరందరికీ టాంటీ అంటే పిన్ని, మధ్యలోంచి కేకేసింది. "వెనక నిలబడ్డది ఎవరో చూద్దామని మెడ తిప్పితే పట్టేసింది."

హాలంతా నవ్వింది. వెర్లిన్ చెవులు కాలిపోయాయి. వెళ్ళిపోదామా అనిపించింది. తలుపు దగ్గరే ఉంది. చివరి బల్ల మీద నుంచి బ్రదర్ కానెల్ రెండు వేళ్ళు తన కళ్ళ వైపు చూపించి, తర్వాత జనం వైపు తిప్పాడు.

ఎవరో ఒక తేలికైన మొహం కావాలి. చంటిబిడ్డను ఒళ్ళో వేసుకున్న షెరిల్ కనిపించింది. పెళ్ళి గౌను కుట్టింది తనే కాబట్టి ఆ పిల్లంటే భయం లేదు.

"షెరిల్, చంటిపిల్లలున్నవాళ్ళు మొదటి లారీ ఎక్కాలి. నువ్వు ముందు కూర్చుంటావు, డ్రైవరు పక్కన."

షెరిల్ తలూపింది కానీ కళ్ళు బిడ్డ నోట్లోని పాలసీసా మీదికి జారాయి. వెర్లిన్ అది చూసింది. చూసింది కాబట్టి ఇంకో మాట వచ్చింది. "పాలపొడి అక్కడి బడిలో పెట్టించాం. నేనే మాట్లాడాను." షెరిల్ భుజాలు కిందికి దిగాయి.

ఇదేనా బ్రదర్ చెప్పింది అనుకుంది వెర్లిన్. చూపు పక్కకి జరిపింది. పడవలు చేసే ఫిల్బర్ట్ కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నాడు. "ఫిల్బర్ట్ మామా, పడవలున్నవాళ్ళు లారీ ఎక్కక్కర్లేదు. పడవల్లోనే దక్షిణం రేవుకి రండి. అక్కడ కట్టుకోవడానికి చోటిస్తారు." ఫిల్బర్ట్ మొహం ఇటు తిరిగింది. "సరే అయితే," అన్నాడు, ఎవరో అడిగినట్టు.

అలా ఒకరి తర్వాత ఒకరు. భయం పోలేదు, కానీ భయంతోనే మాట నడుస్తోంది. ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటే ఆగింది. ఒకాయన చేతులు కట్టుకుని మొహం చిట్లిస్తే అదే మాటను ఇంకోలా చెప్పింది. కాళ్ళ కింద నేల ఒకసారి సన్నగా అదిరి, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అది ఆగాక మళ్ళీ మొదలుపెట్టింది. కానీ చూపు ముందు వరుస దాకా వచ్చి, ఎడమ చివర మాత్రం దాటేస్తోంది, వీధిలో గుంట దాటినట్టు.

దాన్ని మొదట పట్టుకుంది ఇసిల్మానే. ఈసారి ఆమె నవ్వలేదు.

"వెర్లిన్, అందరినీ చూశావు. మీ నాన్నని చూడలేదు. ఇంట్లో మనిషినే చూసి చెప్పలేనిదానివి, మమ్మల్ని ఇల్లు వదలమంటావా?"

సరిగ్గా అప్పుడే ఎజ్రాయ్ లేచాడు. టోపీ చేతిలో నలుపుతూ అడిగాడు.

"అంతా బాగానే ఉంది. మేకల సంగతి ఎవరూ చెప్పరేం?"

జనం భగ్గున నవ్వారు. "మొట్టమొదట చెప్పింది అదేగా ముసలాయనా!" "బల్లకట్టు వస్తుందంట!" "ఇంతసేపూ కునుకు తీశావా ఎజ్రాయ్?" అన్ని వైపుల నుంచీ మాటలు పడ్డాయి. ఆయన తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎవరు ఏమన్నారో అందుకోవాలని ఒక్కొక్కరి నోటి వైపూ చూస్తున్నాడు, ఆ నోటి దగ్గరికి చూపు చేరేలోపే ఇంకెక్కడో మాట పుడుతోంది.

వెర్లిన్ అప్పుడు చూసింది తండ్రి మొహం. తల్లి పోయాక నిండుగా చూడటం అదే మొదటిసారి. అందులో కోపం లేదు. కొత్త ఊళ్ళో దారి తప్పిన మనిషి బెదురుంది, దాన్ని దాచుకోవాలనే సిగ్గుంది.

పొయ్యి వైపు తిరిగి అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయనకి వినబడలేదు. అంతే. వినబడలేదు.

ఇప్పుడు ఏడిస్తే ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆయన ఇన్నాళ్ళు దాచింది ఇంతమంది ముందు బయటపెట్టే హక్కు తనకి లేదు.

"నవ్వడం ఆపండి," అంది. అంత గట్టిగా తను మాట్లాడగలదని ఆమెకే తెలియదు. "నేను ఆ మాట గోడకి చెప్పాను. తప్పు నాది. మళ్ళీ చెబుతాను, అందరూ వినండి."

రెండడుగులు ముందుకొచ్చి, వెలుతురు తన మొహం మీద పడేలా కిటికీ వైపు తిరిగి నిలబడింది. తండ్రి కళ్ళలోకి చూసింది. పెదాలు విడివిడిగా కదిలిస్తూ, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"మేకల్ని వదిలేసి పోవడం లేదు. బల్లకట్టు వస్తుంది. మనుషుల కంటే ముందే వాటిని ఎక్కిస్తాం. ఈసారి ఏ మేకా తాడుకి కట్టేసి ఉండదు. చివరి తాడు నేనే విప్పుతాను, నాన్నా."

ఎజ్రాయ్ పెదాలు ఆమె పెదాలతో పాటే కదిలాయి. ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు. ఆమె చూపు దించలేదు. దించాలని ఒళ్ళంతా పోరుపెట్టింది, అయినా దించలేదు.

"నల్లది మొండిది," అన్నాడు చివరికి. "అది నువ్వు లాగితే రాదు. నేను రావాలి." టోపీ నెత్తిన పెట్టుకుని తలుపు వైపు నడిచాడు. ఫిల్బర్ట్ లేచాడు. తర్వాత బల్లలు కిర్రుమన్నాయి, ఒకటీ రెండూ కాదు. టాంటీ ఇసిల్మా మాత్రం కదల్లేదు. కొట్టు వదిలి రానంటే రానంది. వెర్లిన్ పక్కన కూర్చుని ఎంత చెప్పినా, ఎంత కళ్ళలోకి చూసి చెప్పినా వినలేదు.

బల్లకట్టు పొద్దువాలే వేళకి వచ్చింది. నల్ల మేకను ఎక్కించడానికి తండ్రీ కూతుళ్ళిద్దరూ నీళ్ళలో దిగాల్సి వచ్చింది. లారీ వెనక పక్కపక్కన కూర్చున్నాక వెర్లిన్ ఆయన మోకాలు తట్టి, ఆయన తిరిగేదాకా ఆగి అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

ఆయన ఒప్పుకోవడానికి కొంత దూరం పట్టింది. "ఏమో. మీ అమ్మ ఉన్నప్పుడు తెలియలేదు. అది ఎప్పుడూ అరిచేగా మాట్లాడేది."

వెర్లిన్ నవ్వింది, ఏడ్చింది. "నా మీద కోపం అనుకున్నాను."

"కోపం కూడా ఉండేది," అన్నాడు ఎజ్రాయ్. "కొన్నాళ్ళు."

మర్నాడు పొద్దున్నే కొండ పేలింది. ఓకర్ బేలో పైకప్పులు సగానికి పైగా బూడిద బరువుకి కూలిపోయాయి. అంతకుముందే, తెల్లవారుజామున నేల ఆగకుండా అదరడంతో ఇసిల్మా కొట్టుకి తాళం వేసి కాలినడకన బయల్దేరింది. ఆఖరి పోలీసు బండి ఆమెను దారిలో ఎక్కించుకుంది. తల నుంచి కాలి దాకా బూడిదతో ఆమె దక్షిణాన ఊరివాళ్ళకి బస ఇచ్చిన బడి గుమ్మంలో దిగేసరికి, వెర్లిన్ బల్ల మీద నిలబడి భోజనాలు ఎక్కడ పెడతారో చెబుతోంది.

"గట్టిగా చెప్పవే, ఇక్కడికి వినబడట్లేదు!" అని గుమ్మంలోంచే అరిచింది ఇసిల్మా.

వెర్లిన్ ఆమె వైపు తిరిగి, ఆమెనే చూస్తూ, మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.