రెండో పాట

ఆదివారం మధ్యాహ్నం. సరస్సు ఒడ్డున చెక్కతో కట్టిన నాట్యశాల కిటకిటలాడుతోంది. బయట సాసేజీలు కాలుతున్న పొగ, లోపల కాఫీ వాసన. ఇస్త్రీ చొక్కాల పెద్దవాళ్లు, పూలగౌన్ల ఆడవాళ్లు గోడల వెంట బల్లల మీద కూర్చున్నారు. వేదిక మీద హిల్కా రౌతియో అకార్డియన్ భుజాలకు తగిలించుకుని నిలబడింది. వెనక డ్రమ్ముల దగ్గర ఆమె తమ్ముడు కౌకో. వాళ్లకు ముందు, రాజధాని నుంచి వచ్చిన పేరుమోసిన గాయకుడు. ఇంత పెద్దవాడి పక్కన మన హిల్కా బ్యాండు వాయిస్తోందంటే ఆ బ్యాండుకూ మంచిరోజులొచ్చాయని ఊరివాళ్లు మురిసిపోయారు. వాళ్లు మురిసిపోతున్నకొద్దీ హిల్కాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటే ఆమె వాయించడం లేదు.

అయ్యా, అమ్మా, మీరు కూడా ఏదో ఒక వేదిక ముందు కూర్చుని ఇలా మురిసిపోయే ఉంటారు. అందుకే ఇది మీకు చెప్పడం.

మా సరస్సుల చుట్టూ ఉన్న నాట్యశాలలన్నిటినీ ఒక కంపెనీ తన గుప్పిట్లో పెట్టుకుంది. పేరున్న గాయకులను అదే పంపుతుంది. సంగీతం మాత్రం కంప్యూటర్లో నింపి పంపుతుంది. కంపెనీ ఊ అనందే ఏ ఊరి బ్యాండుకూ ఒక్క ఆదివారం కూడా దొరకదు. అయితే వాయించేవాళ్లు లేని వేదిక పెళ్లికొడుకు లేని పెళ్లిలా ఉందని జనం గొణిగారు. దానికి కంపెనీ మనిషి సెవేరి లుండ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఊరి బ్యాండు వచ్చి నిలబడాలి, చేతులు కదపాలి, చప్పుడు మాత్రం చెయ్యకూడదు. ఈ మాట మోసుకుని హిల్కా ఇంటికొచ్చాడు. ఆమె మొహం మీదే కాదు పొమ్మంది. ఆ వేసవంతా ఆమె బ్యాండును పిలిచిన నాథుడు లేడు.

మరుసటి వేసవికి కౌకో మెత్తబడ్డాడు. "అక్కా, ఇంట్లో మూలన కూర్చోవడం కంటే వాయించినట్టు నిలబడటం నయం కాదూ? జనం మన మొహాలైనా మరిచిపోకుండా ఉంటారు" అన్నాడు. హిల్కా ఒప్పుకుంది. అకార్డియన్‌కు గాలి వదిలే మీట ఒకటుంటుంది. అది నొక్కిపెట్టి తిత్తి లాగితే స్వరం పలకదు, ఉసూరుమని గాలి మాత్రం పోతుంది. ఆమె ఆ మీట మీద వేలు పెట్టి అందరి ముందూ నవ్వుతూ నిలబడటం నేర్చుకుంది.

ఇక్కడొక ఆచారం గురించి చెప్పాలి. మా నాట్యశాలల్లో జంటగా దిగితే వరసగా రెండు పాటలు ఆడి తీరాలి. ఒక్క పాటకే జోడీని వదిలేసి కూర్చుంటే అది ఎదుటివాళ్లకు అవమానం. ప్రాణం మీదికొచ్చినా ఎవరూ ఆ పని చెయ్యరు. అందుకని బ్యాండు కళ్లు ఎప్పుడూ ఆడేవాళ్ల కాళ్ల మీదే ఉంటాయి. రెండో పాటలో ఏ ముసలాయన అడుగు తడబడినా అకార్డియన్ వాయించేవాళ్లు ఒక చరణం మింగేసి పాటను అందంగా ముగించేస్తారు. ఎవరికీ తెలియదు, ఎవరి పరువూ పోదు. హిల్కాకు తెలిసిన విద్యలో సగం ఇదే.

ఆ రోజు ఆడవాళ్లు జోడీని ఎంచుకునే గంట నడుస్తోంది. ఊళ్లో సగంమందికి పురుడు పోసిన మార్తా లేచి వెళ్లి ఏలిస్‌ను పిలిచింది. అడవి దుంగల లారీలు తోలి తోలి ఎనభై దాటిన పెద్దాయన. మొదటి పాట బాగానే ఆడాడు. రెండోది టాంగో. రెండో చరణానికి ఆయన భుజం వాలింది, ఎడమకాలు ఈడ్చుకొచ్చింది.

హిల్కా చూసింది. ఆమె వేళ్లు వాటంతటవే ముగింపు వైపు పరిగెత్తాయి. తిత్తి ఉసూరుమంది. స్పీకర్ పెట్టెల్లోంచి మాత్రం మూడో చరణం హాయిగా మొదలైంది. కంప్యూటర్ దగ్గర ఉండాల్సిన కంపెనీవాడు బయట సాసేజీల వరసలో ఉన్నాడు. ఆమె కేక వెయ్యొచ్చు, చెయ్యెత్తి ఆపమనొచ్చు. కానీ నా చెయ్యి ఆగి సంగీతం ఆగకపోతే గుట్టంతా బయటపడుతుంది కదా అనుకుంది. ఆ ఒక్క ఆలోచనే ఆమెను కట్టిపడేసింది.

ఏలిస్ కుప్పకూలాడు. కళ్లు మూసుకుని పాడుతున్న గాయకుడు సైతం కళ్లు తెరిచి పాట ఆపేశాడు. సంగీతం మాత్రం ఆగలేదు. పడిపోయిన మనిషిని కళ్లారా చూస్తూ హిల్కా వేళ్లు కదుపుతూనే ఉంది. జనం వేదిక వైపు తిరిగి ఆమెను చూశారు. అకార్డియన్ మోగుతూనే ఉంది, పాట దానంతటదే అయిపోయేదాకా.

ఏలిస్ బతికాడు, తుంటి ఎముక విరిగింది. ఊళ్లో ఎవరూ హిల్కాను ఒక్క మాటా అనలేదు. మావాళ్లు అనరు, మొహం తిప్పుకుంటారు అంతే. ఆమె రొట్టెల కొట్లోకి అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి.

చివరికి ధైర్యం కూడదీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఏలిస్ నిద్రపోతున్నాడు. పక్కన కూర్చుని ఉన్న మార్తా ఆమెను కూర్చోమనలేదు.

"ఇతను నిలదొక్కుకోలేకపోతున్నాడని నా చేతికి తెలిసిందమ్మాయ్" అంది మార్తా. "వెళ్లి కూర్చుందామా అనడిగాను. ఏమన్నాడో తెలుసా? వద్దులే, హిల్కా చూసింది, ఇప్పుడే ముగించేస్తుంది అన్నాడు."

"అది నేను వాయించింది కాదు మార్తా. మొత్తం యంత్రమే."

"నాకు తెలుసు. మూడో చరణం మొదలవగానే తెలిసింది. ఇతనికే తెలియదు. నువ్వు చూసి కూడా ఆపలేదనుకుంటున్నాడు. ఊరూ అదే అనుకుంటోంది. మనసు లేనిదానివి అనిపించుకుంటావో, మోసగత్తెవి అనిపించుకుంటావో, నువ్వే తేల్చుకో."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది ఆమే, కడుక్కోవలసిందీ ఆమే. ఇంటికి వెళ్లి కౌకోకు సంగతి చెప్పింది. ఈ మాట బయటపెడితే మనల్ని ఇక ఏ నాట్యశాలా గడప తొక్కనివ్వదని అతను బతిమాలాడు. తెలుసు అంది హిల్కా. అయినా ఆమె బయల్దేరిన రోజు అతనూ లేచి కోటు తొడుక్కుని వెంట నడిచాడు.

మరుసటి ఆదివారం గాయకుడు వేదిక ఎక్కకముందే హిల్కా ఎక్కింది. చేతిలో అకార్డియన్ లేదు. కౌకో వచ్చి పక్కన నిలబడ్డాడు. తెర చాటు నుంచి సెవేరి లుండ్ దిగిపొమ్మని చేతులూపుతున్నాడు. ఆమె అటు చూడలేదు. పోయిన ఆదివారం మీరు విన్నది మా వాయిద్యం కాదని, ఈ వేసవిలో మేము ఒక్క స్వరం కూడా వాయించలేదని చెప్పింది. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోడ పక్క బల్ల మీంచి ఒక ముసలాయన నెమ్మదిగా అన్నాడు: "ముందే చెప్పాల్సింది హిల్కా."

"అవును, ముందే చెప్పాల్సింది" అంది ఆమె. "పాటల్ని డబ్బాల్లో నింపి అమ్ముకునేవాళ్లు అమ్ముకోనీండి. కానీ బ్యాండు అంటే, ఎదుట ఆడుతున్న మనిషి కాలు తడబడితే చూసి ఆగగలిగేవాళ్లు. అలా ఆగలేని దాన్ని బ్యాండని మీ చేత నమ్మించడం మోసం, ఆ మోసానికి నా మొహాన్ని అరువిచ్చింది నేనే."