అవని చూసిన మనిషి

అవనిని థియేటర్ క్లాస్ మాన్పించాలంటే శుక్రవారంలోగా తండ్రి సంతకం కావాలి. ఆ కాగితం జేబులో పెట్టుకుని, గురువారం సాయంత్రం ఆఫీస్ నుంచి నేరుగా స్కూల్‌కి వచ్చాడు రాధాకృష్ణ. పదో తరగతి పిల్లలు తలా రెండు నిమిషాలు నటించి చూపిస్తారు, పెద్దవాళ్లు వస్తే బాగుంటుందని టీచర్ మిస్ హార్పర్ రెండుసార్లు మెయిల్ పెట్టింది. అవని నటన చూసినట్టూ ఉంటుంది, పనిలోపనిగా ఆవిడకి విషయం మర్యాదగా చెప్పి రావచ్చనుకున్నాడు.

ఫ్రిస్కోలో ఇల్లు కొన్నదే అక్కడి మంచి స్కూళ్ల కోసం. థియేటర్‌లో నూటికి నూరొచ్చినా, అడ్వాన్స్‌డ్ కంప్యూటర్ సైన్స్‌లో వచ్చే నూరుతో సాటి రాదు. కాలేజీవాళ్లు చూసే ర్యాంక్ లెక్కలో దాని విలువ తక్కువ. "ఈ ఒక్క క్లాస్ మార్చుకో అవనీ, కాలేజీలో చేరాక నీ ఇష్టం" అని ఆదివారం నచ్చజెప్పాడు. ఆ పిల్ల వాదించలేదు. కాగితం తెచ్చి అతని లాప్‌టాప్ మీద పెట్టి వెళ్లిపోయింది.

నల్లరంగు గోడల గదిలో వెనక వరసలో కూర్చున్నాడు. వసంతకాలంలో ఆఫీస్‌లో సగం టీమ్‌ని తీసేశారు. అప్పట్నుంచి ముగ్గురి పని ఒక్కడి నెత్తిన పడింది. కుర్చీ తగలగానే కళ్లు మూతలు పడసాగాయి.

"వారం రోజులు ఒక మనిషిని గమనించమన్నాను. మాటల్లేకుండా ఆ మనిషిని చూపించాలి. వెక్కిరించకూడదు, ఎవరో చెప్పకూడదు" అని వివరించింది మిస్ హార్పర్. ఒకమ్మాయి కళ్లజోడు వెతుక్కునే ముసలావిడని చేసింది. ఇంకొకడు గ్రోసరీ స్టోర్‌లో బిల్లు వేసే మనిషిని చేశాడు.

తర్వాత అవని వచ్చి కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ ముందుకు చాపి, లేని స్టీరింగ్ పట్టుకుంది. బటన్ నొక్కి ఇంజన్ ఆపింది. బెల్టు తియ్యలేదు. దిగలేదు. అలాగే ఎదురుగా చూస్తూ ఉండిపోయింది. ఫోన్ మోగినట్టుంది, చూసి బోర్లా పెట్టింది. ఎడమచేతి బొటనవేలితో కనుబొమ్మని మెల్లగా రుద్దుకుంది.

రాధాకృష్ణ మత్తు వదిలిపోయింది. అది తన వేలు.

ఆ పిల్ల నెత్తిమీద లేని అద్దాన్ని కిందికి లాగి, ముఖం చూసుకుని నవ్వబోయింది. కుదరలేదు. మళ్లీ ప్రయత్నించింది. పిల్లలు కిసుక్కుమన్నారు. మూడోసారికి ఎవరూ నవ్వలేదు. కుదిరిన ఆ నవ్వు చెదరకుండా బెల్టు తీసి, బ్యాగ్ భుజాన వేసుకుని, తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

రోజూ ఇంటికొచ్చాక గరాజ్‌లో, కార్లోనే ఇరవై నిమిషాలు. ఆ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదనుకున్నాడు.

అయిపోయాక మిస్ హార్పర్ వచ్చి చెయ్యి కలిపింది. ఇంత ఓపిగ్గా మనుషుల్ని చూసే పిల్లలు అరుదని చెప్పింది. అతను జేబులోని కాగితం బయటికి తియ్యలేదు. థాంక్స్ చెప్పి బయటపడ్డాడు.

కార్ ఎక్కి రెండు సిగ్నల్స్ దాటాక అతనే అడిగాడు.

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"మార్చ్ నుంచి. గరాజ్ డోర్ సౌండ్ వచ్చింది, బట్ నువ్వు రాలేదు. సో గరాజ్ వైపు ఉన్న లాండ్రీ రూమ్ డోర్ కొంచెం ఓపెన్ చేశా." సీట్ బెల్టు సర్దుకుంది. "ఫస్ట్ డే భయం వేసింది నాన్నా. గరాజ్ క్లోజ్ చేసి ఉంటే కార్ స్మోక్ డేంజర్ కదా, ఇంజన్ ఆఫ్ ఉందా అని విన్నా."

"మరి అమ్మ అడగలేదా, ఇంకా రాలేదేంటని?"

"అడుగుతుంది. ట్రాఫిక్ అని చెప్తా. డైలీ."

అతను స్పీడ్ తగ్గించి కుడివైపు లేన్‌లోకి మారాడు.

"కోపం వచ్చిందా?" అంది అవని.

"లేదమ్మా. అలిసిపోయి ఉంటాను. ఆ చిరాకు మీ మీద చూపిస్తానేమోనని కాసేపు అక్కడ కూర్చుంటా."

"నాకు ఫస్ట్ తెలీదు. మేమంటే నీకు ఇష్టం లేదు అనుకున్నా. తర్వాత క్లాస్ కోసం ట్వంటీ టైమ్స్ ప్రాక్టీస్ చేశా. షోల్డర్స్ బాగా నొప్పి వచ్చాయి. అప్పుడు అర్థమైంది, జస్ట్ టయర్డ్ అని."

"ఆ క్లాస్ అంత ఇష్టమా?"

"మిగతా క్లాసెస్‌లో ఫాస్ట్‌గా ఆన్సర్ చెప్పాలి. అక్కడ ముందు చూడు అంటారు. అంతే." కిటికీ వైపు తిరిగింది. "నువ్వు సైన్ చేస్తే చెయ్యి నాన్నా. ఫైట్ చెయ్యను. నేనూ టయర్డే."

ఇంటికొచ్చేసరికి త్రివేణి వంటింట్లో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏదో మీటింగ్ వింటూ చపాతీలు కాలుస్తోంది. అవని పైకి వెళ్లేదాకా ఆగి, భార్యకి చెప్పాడు, రోజూ ట్రాఫిక్ ఏమీ ఉండటం లేదని. ఎక్కడ కూర్చుంటున్నాడో, ఎందుకో చెప్పాడు. త్రివేణి ఇయర్‌ఫోన్ తీసి స్టవ్ ఆపింది.

"నేను బాత్రూమ్‌లో కూర్చుంటానండీ. ట్యాప్ తిప్పేసి" అంది.

ఇద్దరూ టేబుల్ దగ్గర కూలబడ్డారు. చపాతీలు చల్లారిపోయాయి.

శుక్రవారం గడిచిపోయింది. అతను సంతకం చెయ్యలేదు. జనవరిలో అవని ర్యాంక్ పంతొమ్మిది మెట్లు జారింది. రాధాకృష్ణ ఆ అంకెని రెండుసార్లు చూసుకున్నాడు, బాధపడ్డాడు కూడా. క్లాస్ మార్చుకోమని మాత్రం అనలేదు.