మెట్ల కింద నిలబడి పెట్టిన టిక్కులు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం మా అమ్మాయి దగ్గు. దానికి తొమ్మిది నెలలు, పేరు కీర్తన. పాలు తాగుతూ పొరమారినా నా గుండె జారిపోతుంది. ఒళ్ళు పట్టుకు చూస్తాను, వీపుకి చెవి ఆనించి వింటాను. ఏం వినపడాలో నాకు తెలియదు. అయినా వింటాను.

అది ఏడో నెలలోనే పుట్టింది. ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. అన్ని రోజులూ మా సంఘం ఆడవాళ్ళు వంతులేసుకుని ఇద్దరిద్దరుగా వచ్చి వరండాలో మోకాళ్ళూనారు. నేనూ దేవుడికి మాటిచ్చాను. "ప్రభువా, బిడ్డను నా చేతికియ్యి. నీ సంఘంలో ఏ పని చెప్పినా కాదనను" అన్నాను. బిడ్డ చేతికొచ్చింది. అప్పట్నుంచి ఎవరు ఏ పని చెప్తారోనని బెదురుతూనే ఉన్నాను.

మాది పటమట. మా చర్చిలో ఆడవాళ్ళం అన్నం వండినప్పుడల్లా గుప్పెడు బియ్యం డబ్బాలో తీసిపెట్టి ఆదివారం పట్టుకెళ్తాం. వాటికి గుడ్లు, వేరుశనగ ఉండలు కలిపి జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు పంపుతారు. ఇదంతా నడిపించేది సంపూర్ణమ్మగారు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపారు.

"కెజియా, మీ వెనక వీధిలో వజీరా అని ఒకమ్మాయి ఉంది. రోజూ పదింటికి వెళ్ళి, మాత్రలు మింగుతుందో లేదో చూసి కార్డు మీద టిక్కు పెట్టాలి. మధ్యలో నాలుగు రోజులు మానేసిందట. ఎవరైనా దగ్గరుండి చూస్తే బాగుంటుందని ఆసుపత్రి వాళ్ళు అడిగారు."

"ఏం జబ్బండీ?"

"టీబీ."

"నాకు చంటిపిల్ల అండీ..."

"పిల్లని చంకనేసుకెళ్ళమని ఎవరన్నారే? మీ అత్తగారి దగ్గర వదులు. మాస్కు పెట్టుకో, కిటికీ పక్కన నిలబడు. మందులు సరిగ్గా పడితే కొన్ని వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మానేస్తేనే ముప్పు, ఆమెకీ, చుట్టూ ఉన్నవాళ్ళకీ. మింగాక నోరు తెరిపించి చూడు. చూశాకే టిక్కు. తెలిసిందా?"

వద్దనే మాట పెదవుల దాకా వచ్చింది. అద్దాల పెట్టె కళ్ళ ముందు కనపడింది. కాదంటే, ఇచ్చినవాడు తిరిగి తీసుకుంటాడేమో. "సరేనండీ" అన్నాను. ప్రేమతో ఒప్పుకున్నానని చెప్పుకోలేను.

వజీరా ఉండేది రావమ్మగారనే ఆవిడ ఇంటి పైన ఒంటి గదిలో. ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో, జాకెట్లు కుడుతుంది. భర్త లారీ మీద పోతే ఇరవై రోజులకు గానీ రాడు. మొదటి రోజు సంపూర్ణమ్మగారు వెంట వచ్చారు. ఆవిడ తిన్నగా వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుని, వజీరా చెయ్యి పట్టుకుని, "ఏం తిన్నావమ్మా పొద్దున? ప్రార్థన చెయ్యమంటావా, వద్దా?" అని అడిగారు. "మీ దేవుడూ మా దేవుడూ ఎవరైనా సరే, నాకు తగ్గితే చాలమ్మా" అంది వజీరా. ఇద్దరూ నవ్వారు. నేను గుమ్మం బయట ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

గోడకి ఒక చిన్న గులాబీ గౌను వేలాడుతోంది.

"మా ముబీనాది. నాలుగేళ్ళు. జబ్బని తెలిసిన రోజే మా అమ్మ దగ్గరికి పంపేశా. పిల్లా నేనూ ఒకే గదిలో పడుకోవడం ఎట్లా చెప్పండి?" అంది వజీరా.

రెండో రోజు ఒక్కదాన్నే వెళ్ళాను. ఆమె మాత్రలు మింగి, కొంగు అడ్డుపెట్టుకుని దగ్గింది. కార్డు మీద గీత వంకరపోయింది. ఇంటికొచ్చి తల మీద నుంచి నీళ్ళు పోసుకున్నాను, చీర వేణ్ణీళ్ళలో నానేశాను. కీర్తన పాలకోసం ఏడుస్తోంది. ముట్టుకోవడానికి చేతులు రాలేదు.

మూడో రోజు నేను మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి వజీరా పైన పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, పైకి రాకండి. మీకు చంటిపిల్ల ఉందంటగా, రావమ్మగారు చెప్పారు. అక్కణ్ణుంచే అడగండి, చెప్తా."

"వేసుకున్నావా మరి?"

"ఇందాకే వేసుకున్నా."

చర్చి నుంచి తెచ్చిన గుడ్లూ ఉండలూ ఉన్న గిన్నెల సంచి మూడో మెట్టు మీద పెట్టి టిక్కు పెట్టేశాను. ఆ పిల్ల మీద ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. దేవుడే ఆమె నోట ఆ మాట పలికించాడనుకున్నాను. నిజం. ఇంటికొచ్చి మోకాళ్ళ మీద స్తోత్రం చెప్పుకున్నాను కూడా.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. కింద నేను, పైన ఆమె. "వేసుకున్నావా?" "ఆఁ అక్కా." టిక్కు. ఆదివారాలు సంపూర్ణమ్మగారు కార్డు చూసి వెన్ను తట్టేవారు. ఒకసారి అందరి ముందూ నన్ను లేపి, "చంటిబిడ్డ తల్లి, చూడండి ఎంత విశ్వాసమో!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు.

మా ఆయన స్టీఫెన్‌కి ఒక్కడికే సంగతి తెలుసు. ఆటోనగర్లో లేత్ పని చేస్తాడు. ఒక పూట నేను మళ్ళీ చీర నానేస్తుంటే చూసి, "మెట్టు కూడా ఎక్కకుండా వచ్చేదానికి ఈ వేణ్ణీళ్ళు దేనికే? జబ్బు గొంతు వింటే అంటుకుంటుందా?" అన్నాడు.

"మీ అమ్మ వింటుంది, నోరు మూసుకోండి."

"నేను మూసుకుంటాలే. ఆ అమ్మాయి నోరు తెరిపించి చూడమన్నారుగా, ఎన్నిసార్లు చూశావు?"

చీర పిండి తీగ మీద ఆరేశాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అయినా మర్నాడు మెట్ల కిందే నిలబడ్డాను.

మొన్న గురువారం వెళ్ళేసరికి పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు. రెండుసార్లు పిలిచాను. రావమ్మగారు చేట పట్టుకుని బయటికొచ్చారు.

"ఇంకెక్కడి వజీరా? పొద్దున్నే బందరు బస్సెక్కింది. నీకు చెప్పలేదా?"

"ఎందుకండీ? మళ్ళీ ఎప్పుడొస్తుందట?"

"దగ్గు తగ్గిపోయిందిగా! పిల్లని చూసి రెండు నెలలవుతోంది, ఇంక ఆగలేనని ఒకటే ఏడుపు. పండగ దాకా రాదట. ఇదిగో తాళం, మీ గిన్నెలేవో ఉన్నాయట, తీసుకోమంది."

అన్ని రోజుల తర్వాత మెట్లెక్కాను. గది ఊడ్చి ఉంది. మా చర్చి గిన్నెలు తోమి బోర్లించింది. కిటికీలో మాత్రల పెట్టె ఉంది. ఖాళీ పెట్టె అనుకుని తీశాను. బరువుగా ఉంది.

నిండు అట్టలు. కార్డు పక్కన పెట్టుకుని లెక్క చూశాను. నాకు తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ ఆ లెక్కకి అంత చదువు అక్కర్లేదు. పంతొమ్మిది రోజుల మాత్రలు అలాగే ఉన్నాయి. కార్డు మీద ఆ పంతొమ్మిది రోజులకీ నా చేతి టిక్కులున్నాయి.

గోడకి గులాబీ గౌను లేదు.

అక్కడే కూర్చుండిపోయాను. మందు మానేస్తేనే ముప్పు అన్న మాట చెవిలో మోగుతోంది. ముబీనాని ఒకే గదిలో పడుకోబెట్టుకోకూడదని దూరంగా పంపిన మనిషి, తగ్గిపోయిందనుకుని ఇప్పుడు దాని పక్కలోకే వెళ్ళింది. తగ్గలేదమ్మా అని చెప్పాల్సినదాన్ని నేను. వజీరాకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్.

సంపూర్ణమ్మగారింటికి పరుగెత్తాను. పెట్టె, కార్డు ఆవిడ ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎన్ని రోజులు పైకెక్కావు?"

"రెండు."

"నాకు చెప్పొచ్చుగా! భయంగా ఉందండీ అంటే నేనే వెళ్ళేదాన్ని. మోకాళ్ళు నొప్పి గానీ మెట్లెక్కలేనంత ముసలిదాన్నా?" అన్నారావిడ. "చప్పట్లు కొట్టించిన నాదీ తప్పే. ఏడవకు. లే, ఆసుపత్రికి చెబుదాం పద."

ఆసుపత్రి వాళ్ళు బందరులో టీబీ ఆఫీసుకి కబురు పంపారు. అడ్రసు ఏదీ అన్నారు. మా దగ్గర లేదు. భర్త ఫోన్ కలవడం లేదు. రావమ్మగారిని అడిగితే, వాళ్ళమ్మ చిలకలపూడిలో ఉంటుందని, ఇంట్లోనే రోల్డ్‌గోల్డు గాజులకి రాళ్ళు అతుకుతుందని మాత్రం చెప్పారు. శనివారం నేనూ సంపూర్ణమ్మగారూ బస్సెక్కి వెళ్ళాం. అక్కడ ఏ వీధిలో చూసినా ఆ పని చేసే ఇళ్ళే. పొద్దున్నుంచి మూడింటి దాకా గుమ్మం గుమ్మం తిరిగాం. టీబీ అని అడగలేం, అడిగితే ఆ అమ్మాయికి ఆ వీధిలో బతుకుండదు. వజీరా అంటే ముగ్గురిని చూపించారు. ముగ్గురూ కాదు.

ఇంటికొచ్చేసరికి కీర్తనకి ముక్కు కారుతోంది. రాత్రికి దగ్గింది. డాక్టరుకి అంతా దాచకుండా చెప్పాను. "మామూలు జలుబులాగే ఉంది. రెండు వారాలకి మళ్ళీ తీసుకురండి, చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో అడిగే ధైర్యం రాలేదు. దాని వీపుకి చెవి పెట్టి వింటుంటే, ఎక్కడో బందరులో ఇంకో చిన్నపిల్ల వీపుకి చెవి పెట్టేవాళ్ళు ఎవరున్నారా అనిపిస్తుంది. ప్రార్థన చేస్తే మాటలు రావడం లేదు. ఇద్దరి పేర్లూ చెప్పి ఊరుకుంటున్నాను.

నేను మళ్ళీ వెళ్తాను. కానీ పిల్లకి నలతగా ఉంది, ఎప్పటికి కదలగలనో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళలో బందరు వాళ్ళు, చిలకలపూడి వైపు బంధువులున్నవాళ్ళు ఉంటే ఒక్కసారి వెతకండి. సన్నగా ఉంటుంది, ఎడమ చేతి బొటనవేలి మీద కుట్టుమిషన్ సూది దిగిన మచ్చ ఉంటుంది. నాలుగేళ్ళ ముబీనా వెంట ఉంటుంది. గుమ్మంలో జబ్బు మాట ఎత్తకండి, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చామనండి. లోపలికి వెళ్ళండి. కిటికీ తీసి, పక్కన కూర్చుని, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టిందో లేదో మెల్లగా అడగండి. లేదంటే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ చిన్నపిల్ల దగ్గుతోందేమో కూడా చూడండి.