పడవకు గూడు లేదు

నేను ఒక గూళ్ళ బీరువాని. తలుపులు లేవు, తాళం లేదు. బట్టలు పెడదామంటే వెడల్పు చాలదు, పుస్తకాలు పెడదామంటే లోతు చాలదు. కొత్తలో నన్ను చూసిన ప్రతివాళ్ళూ "పావురాలకా?" అని అడిగేవారు. పావురాలకు కాదండీ, కారణాలకు. బడి ఎగ్గొట్టిన పిల్లలు చెప్పే కారణాలన్నిటినీ నాలో సర్దాలని, గోదావరి గట్టున ఒక ట్రైనింగు కాలేజీలో పరాంకుశం గారనే ప్రొఫెసరు పట్టుబట్టి నన్ను చేయించారు.

కాలేజీ వెనక రేకుల షెడ్డులో క్రాఫ్టు మాస్టారు నాకు ప్రాణం పోశారు. కొత్త చెక్క కొనే స్తోమత కాలేజీకి లేదు. విరిగిన బెంచీలే నా ఒళ్ళు. అందుకే ఇప్పటికీ నా పక్కచెక్క మీద ఎవడో బ్లేడుతో చెక్కిన "సత్తిబాబు" అనే పేరూ, దాని కింద బాణం గుచ్చిన గుండెకాయా కనిపిస్తాయి. సత్తిబాబు పాసయ్యాడో లేదో నాకు తెలియదు కానీ, వాడి ప్రేమ మాత్రం నేను బతికున్నంత కాలం బతుకుతుంది.

నాకు రెండు ముఖాలు. ఇటుపక్క ఒకరు, అటుపక్క ఒకరు కూర్చుని చీటీలు సర్దాలి. ఒకరి చేతులు ఒకరికి కనబడకూడదని మధ్యలో అడ్డుచెక్క కొట్టారు. తీరా అడుగు వరసకు వచ్చేసరికి చెక్క అయిపోయింది. "అంత కిందకి వంగి ఎవడు చూస్తాడులే" అనుకుని మాస్టారు పాలిషు కొట్టి అప్పగించేశారు. అలా నా అడుగు గూడు ఇటు నుంచి అటు బార్లా తెరుచుకుని ఉండిపోయింది.

గూళ్ళకు పేర్లు పరాంకుశం గారే తెల్లరంగుతో రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. అనారోగ్యం, ఇంటిపని, పొలం పని, పశువులు, పెళ్ళిళ్ళు పండుగలు, వాతావరణం, అశ్రద్ధ. అన్నిటికన్నా కింద, అడ్డుచెక్క లేని గూటికి, ఇతరములు. ఆయనకు ఆ ఆఖరి గూడంటే చిరాకు. "ఇతరములు ఉబ్బిందంటే వర్గీకరించినవాడికి బుర్ర లేదన్నమాట" అనేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మనిషి మాత్రం మంచివాడు. జ్వరమొచ్చినా మఫ్లరు చుట్టుకుని కాలేజీకి వచ్చేవారు.

పద్ధతి ఏమిటంటే, చుట్టుపక్కల బడుల్లో ఏ పిల్లాడైనా నాగా పెట్టి తిరిగొస్తే, "ఎందుకు రాలేదురా?" అని పంతులు అడిగి, వాడన్న మాట అన్నట్టే చీటీ మీద రాసి పంపాలి. ఆ చీటీకి నకలు తీసి, రెండు పక్కలా కూర్చున్న ఇద్దరికీ చెరొకటి ఇచ్చేవారు. ఇద్దరూ ఒకే గూట్లో వేస్తే సరే, లేకపోతే అది ప్రొఫెసరు గారి బల్ల మీదికి వెళుతుంది. సర్దేటప్పుడు నోరు విప్పకూడదు.

ఇటుపక్క కూర్చున్నది ఎస్తేరు. పరాంకుశం గారి దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల, నెమ్మదస్తురాలు. అటుపక్క లెక్కల ట్యూటరు కామేశం. గంటసేపు మౌనంగా కూర్చోమంటే ప్రాణం పోయే మనిషి. వారం తిరక్కుండానే నా అడుగు గూటి రహస్యం కనిపెట్టాడు. అందులోంచి ఒక పిప్పరమెంటు దొర్లుకుంటూ ఇటు వచ్చేది. కాసేపటికి ఇటు నుంచి ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్క అటు వెళ్ళేది. ప్రొఫెసరు గారు వరండాలోంచి చూసి, "ఎంత ఏకాగ్రతో!" అని మురిసిపోయేవారు.

ఆ చీటీలంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. "అమ్మ పొరుగూరెళ్ళింది, తమ్ముడు నన్ను తప్ప ఎవరినీ ఎత్తుకోనివ్వడు." "ఉన్న లాగు తడిసిపోయింది." "పెయ్య పుట్టింది, చూస్తూ కూర్చున్నాను." ఈ ఆఖరుదాన్ని పశువుల్లో వేయాలో అశ్రద్ధలో వేయాలో తేలక ఎస్తేరు చాలాసేపు చేతిలో పట్టుకుని నవ్వుకుంది. నేనైతే సంతోషం అనే గూడు ఒకటి ఉంటే బాగుండునని అనుకున్నాను. చెక్కముక్కని, నన్నెవరు అడుగుతారు?

ఇలా ఉండగా జిల్లా పరిషత్తు నుంచి ఒక మాట వచ్చింది. నది మధ్యలో గువ్వల్లంక అనే ఊరుంది. అక్కడి పిల్లలు గట్టు మీది బడికి వస్తారు, కానీ జిల్లాలో అందరికన్నా ఎక్కువ నాగాలు వాళ్ళవే. లంకలోనే ఒక బడి పెట్టమని ఊరివాళ్ళు అడుగుతున్నారు. పిల్లలకు చదువు మీద ధ్యాస ఉంటే పెడతాం, లేకపోతే దండగ. మీ పరిశోధన ఏం చెబుతుంది? అదీ ప్రశ్న. బడి రావడమా మానడమా అన్నది నా గూళ్ళ మీదికి వచ్చి పడింది.

లంక చీటీలు సర్దారు. చూస్తే అన్ని గూళ్ళలోనూ తలా కాస్త. కాస్త ఎక్కువగా కనబడింది ఒక్క అశ్రద్ధలోనే. పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకుని, "అనుకున్నదే. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాట్ట. ఈ సాకులూ అంతే. బడి అక్కర్లేదని రాసేయమ్మా" అన్నారు.

ఎస్తేరు రాయలేదు. మర్నాడు మళ్ళీ నా ముందు కూర్చుని లంక చీటీలన్నీ బయటికి తీసింది. పశువుల గూట్లోంచి ఒకటి: "పడవలో గేదెలు ఎక్కాయి, మమ్మల్ని దిగమన్నారు." పొలం పనిలోంచి ఇంకొకటి: "అరటిగెలలు వేశారు, పడవలో చోటు లేదు." పెళ్ళిళ్ళలోంచి: "పడవ తాత మనవరాలి పెళ్ళికెళ్ళాడు." వాతావరణంలోంచి: "నీళ్ళు తగ్గి పడవ ఇసకలో దిగబడింది." అశ్రద్ధలోంచి: "లేచేసరికి పడవ వెళ్ళిపోయింది." అన్నిటినీ ఒక వరసలో పేర్చి చూసుకుని, నియమం మరిచిపోయి గట్టిగానే పిలిచింది.

"కామేశం గారూ, ఒకసారి ఇటు రండి."

అతను చుట్టూ తిరిగి వచ్చి చదివాడు. "మనిద్దరం గేదెని చూశాం, గెలని చూశాం. పడవని వదిలేశామండీ" అన్నాడు.

పాపం, ఆ పిల్లలు అందరూ ఒక్క మాటే చెప్పారు. ఆ ఒక్క మాటనీ ముక్కలు చేసి గూటికొకటి పంచింది మేమే.

పడవకు కొత్త గూడు ఒకటి పెడదామని ఎస్తేరు అడిగితే పరాంకుశం గారు ఒప్పుకోలేదు. "నీ ఇష్టమొచ్చినప్పుడల్లా గూడు కడతావా? ఇవాళ పడవ అంటావు, రేపు ఎడ్లబండి అంటావు, ఎల్లుండి చెప్పులు అంటావు. అది వర్గీకరణ కాదమ్మా, వారపు సంత."

"సంతకి వెళ్ళే గేదెలే సార్ వీళ్ళని దింపేసింది" అంది ఎస్తేరు మెల్లగా. "ఒక్కసారి మీరే వెళ్ళి చూడండి. మీరు చూసొచ్చి అక్కర్లేదంటే అలాగే రాస్తాను."

ఆయనకు రోషం వచ్చింది. మర్నాడు సాయంకాలం కాలేజీ అయ్యాక గొడుగు పట్టుకుని లంకకు బయల్దేరారు. ఆ రాత్రి కరణం గారింట్లో భోజనం చేసి, తెల్లారగట్ల పడవకు తిరిగి వచ్చేయాలని ఏర్పాటు.

మర్నాడు ఆయన కుర్చీ ఖాళీ. కాలేజీ అంతా గుసగుసలు. ఆయన కుర్చీ ఖాళీగా ఉండటం ఎవరూ ఎరగరు. ప్రిన్సిపాలు గారు రెండుసార్లు వచ్చి తొంగిచూసి వెళ్ళారు. ఎస్తేరు అన్నం కూడా తినలేదు.

ఆ మరుసటి రోజు ఆయన వచ్చారు. పంచెకు మోకాళ్ళ దాకా బురద మరకలు. రేవులో ఏం జరిగిందో ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పారు. పడవ ఎక్కి కూర్చున్నారట. అంతలో గేదెలను తోలుకొచ్చారట. పడవవాడు చేతులు కట్టుకుని, "తమరు దిగాలండి బాబుగారూ. సంత రోజండి, మనుషులకి మళ్ళీ రేపేనండి పడవ. గేదెల్తో పాటు మనుషులెక్కితే మునిగిపోతావండి" అన్నాడట. తానెవరో ఈయన చెప్పుకున్నారు. "ఆయ్, చిత్తవండి. కానీ ఆ సంగతి గేదెలకి తెలీదు కదండీ" అన్నాడట వాడు. పలకాసంచులతో పిల్లలు, వాళ్ళ మధ్యలో గొడుగుతో ప్రొఫెసరు గారు, అందరూ ఒడ్డున నిలబడి పడవ వెళ్ళిపోవడం చూశారట. ఒక పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని, "ఏం కాదులెండి, రేపు ఎక్కుదురుగాని" అని ఓదార్చిందట.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం ఆయన వస్తూనే ఖాళీ చీటీ ఒకటి తీసుకుని, "నిన్న ఎందుకు రాలేదు: పడవలో గేదెలు ఎక్కాయి" అని రాశారు. దాన్ని పట్టుకుని నా ముందు నిలబడ్డారు. చెయ్యి పశువుల దాకా వెళ్ళి ఆగింది. పెళ్ళిళ్ళు దాటింది. అశ్రద్ధ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తన అక్షరాలనే తాను పరాయివాడిలా చదువుకున్నారు. నాకు ఆయన మీద జాలేసింది.

"కామేశం, ఆ తెల్లరంగు డబ్బా ఎక్కడుందయ్యా?" అన్నారు చివరికి.

నేల మీద గొంతుక్కూర్చుని, నా అడుగు గూటి మీద ఇతరములు కొట్టేసి, పడవ అని రాశారు.

"మరి ఇతరములు ఎక్కడ వేయమంటారు సార్?" అన్నాడు కామేశం.

"నీ జేబులో వేసుకో" అన్నారాయన. ఎస్తేరు నవ్వబోయి ఏడ్చేసింది.

చీటీలన్నీ మొదటి నుంచి మళ్ళీ సర్దాల్సి వచ్చి, ఆ పిల్ల డిగ్రీ ఆలస్యమైంది. గువ్వల్లంకకు మాత్రం బడి వచ్చింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కారణాలు అంకెలైపోయాయి. పెయ్య పుట్టిందని చెప్పిన గొంతు అంకెలో ఎక్కడ వినిపిస్తుంది? నాలో సుద్దముక్కల డబ్బాలు పెట్టారు, ఆ తర్వాత అటెండర్ల టిఫిను క్యారియర్లు. పరాంకుశం గారు పోయారు. కామేశం ఎక్కడికో బదిలీ అయ్యాడు. ఇప్పటికీ ఉప్పూకారం వాసన తగిలితే నా అడుగు గూడు జివ్వుమంటుంది.

పాత సామాను వేలం వేసే రోజున, తల నెరిసిన ఒకావిడ వచ్చి నన్ను అడిగి తీసుకుంది. చేతి వేళ్ళు తగలగానే గుర్తుపట్టాను. ఎస్తేరు గారు నన్ను గువ్వల్లంక బడికి పంపించారు. పిల్లల పలకలకూ, సంచులకూ గూళ్ళు కావాలట.

ఆ పొద్దున నన్ను రేవులో పడవెక్కించారు. ఈ కొస నుంచి ఆ కొసకు నేనే సరిపోయాను. అప్పటికే ఎక్కి కూర్చున్న లంక బడి పంతులమ్మతో పడవవాడు అన్నాడు: "టీచరు గారండీ, తమరు దిగి మళ్ళీ ట్రిప్పుకి రండి. దీన్ని దింపితే మళ్ళీ ఎక్కించలేవండి."

ఆవిడ చేరేసరికి ఎండెక్కింది. పిల్లలు గుమ్మంలోనే చుట్టుముట్టి, "ఎందుకు రాలేదండీ ఇంతసేపూ?" అని నిలదీశారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నావైపు చెయ్యి చూపించి నవ్వింది. ఎవరూ చీటీ రాయలేదు. రాసి ఉంటే ఏ గూట్లో వేయాలో నాకు తెలుసు.