బావ జాలిపడ్డ ఎలుక

బావ మూడో అంతస్తులో ఇల్లు చూసి వచ్చాడు. లిఫ్టు లేదు. గాలి మాత్రం బ్రహ్మాండంగా వస్తుందట.

"నేనెక్కలేనండీ," అంది అక్క.

"సినిమా హాల్లో బాగానే ఎక్కావుగా! ఇంటి మెట్లనేసరికే నీ మోకాళ్ళకి జ్వరమొస్తుంది."

అక్కకి ముప్పై దాటగానే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకెందుకన్నాడు డాక్టరు. నిజమే కదా అన్నాడు బావ. అక్కని ఎవరూ అడగలేదు. నలభై నిండేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. బావ వాటికి పెట్టిన పేరు వేషాలు.

నా ఉద్యోగం ఆ మోకాళ్ళ మీదే. ముట్లుడిగిన ఆడవాళ్ళ కీళ్ళు ఎందుకు అరుగుతాయో తెలుసుకోవడానికి, మా ల్యాబులో ఆడ ఎలుకలకి అండాశయాలు తీసేసి, ఒక మోకాలి లోపల చిన్న కోత పెట్టి, ఆ కీలు ఎలా పాడవుతుందో చూస్తాం. చెబితే వినని మనిషి చూస్తేనైనా నమ్ముతాడని, అడ్వాన్సు ఇవ్వకముందే బావని అక్కడికి తీసుకెళ్ళాను.

పెట్టెలో ఎలుక ముందుకాళ్ళు ఆనించి నిలబడింది. వెనకకాళ్ళ కింద చెరో పలక. దేనిమీద ఎంత బరువు మోపుతోందో తెరమీద అంకెలు పడుతున్నాయి.

"కుంటడం లేదే?" అన్నాడు బావ.

"నొప్పిని దాచుకుంటుంది బావా. బయటపడితే ఏ పిల్లి నోట్లోనో పడాలి. అంకెలు చూడు, బరువంతా మంచికాలి మీదే."

బావ కళ్ళు చెమర్చాయి. "నోరులేని జీవం! నీకు చేతులెలా వచ్చాయే?"

"కోశాక నొప్పి తగ్గడానికి సూదులిస్తాం. లేకపోతే జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ ఒప్పుకోదు. అసలు ఎందుకు కోస్తున్నావని ముందే పీక్కుతింటుంది."

ఇదే అదను అనుకున్నాను. "అక్కదీ ఇదే కథ బావా. పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు చూడు, ఎడంకాలు ఊరికే ఆనిస్తుంది."

బావ ఆలోచనలో పడ్డాడు. నాకు ఆశ పుట్టింది.

"ఇలాంటిది మనుషులకీ ఉంటుందా?"

"ఉంటుంది బావా."

"అయితే మీ అక్కని ఓసారి ఎక్కించు. నిజమో నాటకమో తేలిపోతుంది."

ఆ ఇల్లు ఎవరో ఎగరేసుకుపోతారని దారిలోనే దిగి అడ్వాన్సు ఇచ్చేశాడు.

జరిగిందంతా చెబితే అక్క కూర తరగడం ఆపలేదు. "ఆ కమిటీలో మీ బావ లేడుగా?" అంది.

"లేడు."

"ఎలుకల అదృష్టం."

ఇల్లు మారిన రోజు అక్క నా భుజం పట్టుకుని రెండో అంతస్తు దాకా వచ్చి, మెట్టుమీద కూలబడింది. పైనుంచి బావ అరుపు: "తాళాలు నీ దగ్గరే ఉన్నాయి! త్వరగా రావే, కూలీలు నిలబడ్డారు."

అక్క కదల్లేదు. తాళాలగుత్తి ఒళ్ళో పెట్టుకుంది.

బావ చరచరా దిగివచ్చాడు. "ఇంతోటి దానికి మళ్ళీ మొదలెట్టావా?" అంటూ గుత్తి లాక్కుని, రెండేసి మెట్లు దాటుకుంటూ వెళ్ళిపోయాడు. పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. గాలి నిజంగానే బాగా వచ్చింది, మెట్లమీదికి కూడా.

అక్క మోకాళ్ళు రుద్దుకుంటూ పైకి చూసింది.

"చూశావుటే, ఎంత చక్కగా దిగి ఎక్కాడో! ఆయనకి ఎలుకని చూపించే బదులు, మీ ఎలుకలకి ఆ మోకాళ్ళు చూపించాల్సింది. అవైనా నా మీద జాలిపడేవి."