చుక్కలత్త దండెం

చుక్కలత్తకు ముక్కు మీద కోపం. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసే మనిషికి ఓపిక ఎక్కువుంటుందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఖర్మ. ఉన్న ఓపికంతా అద్దాలకే ఖర్చయిపోయేది, మనుషులకు మిగిలేది కాదు. తన టెలిస్కోపు అద్దం కూడా తనే అరగదీసుకుంది. లైబ్రరీ డాబా మీద సిమెంటు దిమ్మె కట్టి, టెలిస్కోపును దాని మీద బిగించింది. అందుకు బదులుగా ప్రతి శనివారం సాయంత్రం కింద హాల్లో కూచుని, అంతరిక్షం గురించి జనం ఏం అడిగినా జవాబు చెప్పాలి. అదీ ఒప్పందం.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక దండెం ఉండేది. జవాబు తెలియని ప్రశ్న వస్తే చుక్కలత్త "తెలియదు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది. ఆ ప్రశ్నను అట్టముక్క మీద రాసి, బట్టల క్లిప్పుతో దండేనికి తగిలించేది. జవాబు దొరికిన రోజు అందరి ముందూ దించేది. కొన్ని వారం తిరక్కుండానే దిగేవి. గురుగ్రహం చందమామల్లో ఒకదాని మీద మంచు కింద ఉన్న సముద్రంలో ఏవైనా బతుకుతున్నాయా అన్న ప్రశ్న మాత్రం పచ్చబడిపోయి ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆ శనివారం హాల్లో అడుగుపెట్టేసరికి దండెం లేదు. దాని జాగాలో ఎర్రటి అక్షరాల బ్యానరు ఉంది. "పదేళ్ళలో అంగారకుడి మీద మన ఇల్లు!"

"ఏంటిది?" అంది చుక్కలత్త.

లైబ్రరీ చూసుకునేది ఆమె మరిదే, సొంత చెల్లెలి మొగుడు. పాపం, మంచివాడే. పెద్దవాళ్ళు ఎదురుపడితే మాత్రం వెన్నెముక ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టు నిలబడతాడు.

"లైబ్రరీ కమిటీ అధ్యక్షులవారు వస్తున్నారు వదినా. ఆ బట్టలారేసిన వేషం ఆయనకు నచ్చదు. ఒక్క సాయం చెయ్యండి. మనవాళ్ళు అంగారకుడి మీద ఇళ్ళెప్పుడు కట్టుకుంటారని ఆయన లేచి అడుగుతారు. పదేళ్ళలో అని చెప్పెయ్యండి, చాలు."

"పదేళ్ళని ఎవరు చెప్పారు?"

"ఆయనే. పేపరువాళ్ళకు కూడా చెప్పేశారు."

"అయితే ఇక్కడా ఆయన్నే చెప్పుకోమను."

మరిది గొంతు తగ్గించాడు. "ఆయన చెబితే జనం నమ్మరు. మీ నోట వస్తే నమ్ముతారు. కాదన్నారంటే డాబా ఖాళీ చెయ్యమంటారు వదినా. టెలిస్కోపు ఎక్కడ పెట్టుకుంటారు? మీ ఇంట్లో కిటికీ తీస్తే పక్కింటి గోడేగా?"

చుక్కలత్త తలెత్తి డాబా మెట్ల వైపు చూసింది. ఒక్క మాట. అనేస్తే దిమ్మె ఉంటుంది, ఆకాశం ఉంటుంది. కానీ జనం తన మాట ఎందుకు నమ్ముతున్నారు? తెలియనిది తెలియదని అన్నందుకే కదా! తను అంత కష్టపడి సంపాదించుకున్న నమ్మకాన్ని ఎవరో వచ్చి వాళ్ళ బ్యానరుకు మేకులా కొట్టుకుంటానంటే ఒళ్ళు మండదూ? ఆమెకు మండింది.

హాలు నిండింది. ముందు వరసలో ఎప్పటిలాగే కండక్టరమ్మ. బస్సు ఉద్యోగం మానేసి చాలా కాలమైనా గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఏమ్మా, అంతరిక్షంలో ఏడిస్తే కన్నీళ్ళు కిందికి కారతాయా?"

"కారవు. నీటిబుడగలా కంటికే అంటుకుని కూచుంటాయి. మనమే తుడుచుకోవాలి."

"అయ్యో రాత! మనసారా ఏడ్చుకునే సుఖం కూడా లేదన్నమాట."

నవ్వులు ఆగాక అధ్యక్షులవారు లేచి, గొంతు సవరించుకుని, తన ప్రశ్న అడిగారు. గుమ్మం దగ్గర మరిది రెండు చేతులూ జోడించాడు. చుక్కలత్త అది చూసింది.

"తెలియదు" అంది.

"ఉజ్జాయింపుగా చెప్పండమ్మా. పదేళ్ళు అనుకోవచ్చు కదా?"

"అనుకోవడానికి మీ ఇష్టం. అక్కడికి యంత్రాలను పంపారు. మనిషిని దించి, బతికించి, క్షేమంగా వెనక్కి తేవడం వేరే సంగతి. నెలల తరబడి ప్రయాణం, దారి పొడుగునా రేడియేషన్, తీరా దిగాక పీల్చుకోవడానికి గాలి లేదు. ప్రయత్నిస్తున్నారు. ఎప్పటికవుతుందో నాకు తెలియదు. మీకూ తెలియదు. అట్టముక్క ఇస్తాను, రాయండి. దండేనికి తగిలిద్దాం."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొహం కందగడ్డ అయింది.

"ఏమీ తెలియని మనిషికి మా డాబా ఎందుకమ్మా?"

"తెలుసుకోవడానికి."

"ఇవాళే ఖాళీ చెయ్యండి!" అని ఆయన విసవిసా వెళ్ళిపోయారు.

చుక్కలత్త రెంచీ పట్టుకుని డాబా ఎక్కింది. నట్లు విప్పుతుంటే రెంచీ రెండుసార్లు జారింది. కోపంతోనే అని తనకు తాను చెప్పుకుంది, కానీ కళ్ళు తుడుచుకోక తప్పలేదు. ఆఖరి నట్టు ఊడేసరికి వెనక ఎవరో దగ్గారు. మరిది. చంకలో బ్యానరు చుట్ట.

"దుమ్ము పడుతుంది వదినా, ఇందులో చుట్టండి."

"మీ అధ్యక్షులవారు ఊరుకుంటారా?"

"ఊరుకోరు" అన్నాడు మరిది. "మీరు ఆ కొస పట్టుకోండి. బరువు వైపు నాది."

మెట్ల మీద కండక్టరమ్మ తయారు. "జరగండి, జరగండి! పట్టుకునేవాళ్ళు పట్టుకోండి, చూసేవాళ్ళు కిందికి దిగండి!" అని ఆమె అరుస్తుంటే హాల్లో జనమంతా తలో చెయ్యి వేశారు. టెలిస్కోపు వీధి దాటి, కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద దిగింది. మరిది జేబులోంచి ఉండచుట్టిన దండేన్నీ అట్టముక్కల కట్టనూ తీసి, దండెం ఒక కొస దుకాణం షట్టర్ కొక్కేనికీ రెండోది దీపస్తంభానికీ కట్టాడు. పచ్చబడిన అట్టముక్కతో సహా అన్నీ మళ్ళీ ఎక్కాయి.

కండక్టరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, ఎర్ర అక్షరాల్లో చుట్టి ఉన్న టెలిస్కోపును పైనుంచి కిందిదాకా చూసింది. "అంతా బాగానే ఉంది గానీ, రేపట్నుంచి దీన్నెక్కడ పెడతావమ్మా?"

చుక్కలత్త కొత్త అట్టముక్క తీసి ఆ ప్రశ్న రాసింది.

"తెలియదు" అంది. "ఆ క్లిప్పు ఇలా ఇవ్వు."