దొర తొడిగిన కోటు

నేను ఒక ఉన్ని కోటును. మామూలు కోటును కాదు, వేటకోటును. ఈ మాట చెప్పుకునేటప్పుడు ఒకప్పుడు నా కాలరు దానంతటదే నిక్కేది. ఇప్పుడు నాకు కాలరే లేదు, గర్వం అంతకన్నా లేదు.

నా ఉన్ని సముద్రాల అవతల, ఏడాదిలో సగం మంచు కురిసే కొండల మీద మేసిన గొర్రెలది. బట్టనై ఓడెక్కి, బొంబాయిలో దిగి, రైలులో హైదరాబాదు చేరాను. అక్కడ ఖాదర్ మియా అనే దర్జీ నన్ను కుట్టాడు. నాది ఎండుగడ్డి రంగు. తుపాకి మడమ ఆనించుకోవడానికి కుడి భుజం మీద తోలు ముక్క, తూటాలు దోపుకోవడానికి రొమ్ము మీద వరసగా మడతలు, కొమ్ముతో చేసిన గుండీలు. కుట్టడం అయ్యాక ఖాదర్ మియా నన్ను చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూశాడు. చప్పుడు రాలేదు. సంతోషంగా గడ్డం నిమురుకున్నాడు.

నన్ను కుట్టించుకున్నది ముకుందరావు దొర. గోదావరి ఒడ్డున ఆయన గడీ, ఊరి వెనక అడవి. చలికాలం రాగానే ఆయనకు వేట పిచ్చి పట్టేది. అంతకుముందు ఆయనకు మందపాటి ఖాకీ కోటు ఒకటి ఉండేదట. అది కొమ్మకు తగిలితే చాలు, గరగరమనేది. మంచుకు తడిస్తే ఒళ్ళు కొయ్యబారేది. దుప్పులన్నీ ఆ చప్పుడుకే పారిపోతున్నాయని ఆయన నమ్మి, నన్ను తెప్పించాడు. నేను చప్పుడు చేయను. తడిసినా వెచ్చదనం వదలను. గడ్డిలో కూర్చుంటే గడ్డిలో కలిసిపోతాను. ఇన్ని మంచి గుణాలున్న నన్ను తొడుక్కున్నాక కూడా దుప్పులు పారిపోతూనే ఉన్నాయి. ఎందుకంటే తప్పు కోటుది కాదు, కళ్ళది. దొరకు దూరపు చూపు మసకబారింది. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలివాడినయ్యానని ఊరికి దండోరా వేసినట్టేనని ఆయన బాధ. మనుషులు తమ లోపాన్ని ఒప్పుకోవడం కన్నా కొత్త బట్ట కుట్టించుకోవడం తేలికనుకుంటారు.

అందుకని దొర కళ్ళు చుక్కయ్య ముఖాన ఉండేవి. చుక్కయ్య గొర్రెల కాపరి, అడుగుజాడ చూసి జంతువు వయసు చెప్పగలిగేవాడు. వేటలో మాట్లాడకూడదు కాబట్టి వాళ్ళిద్దరికీ ఒక సైగ ఉండేది. జంతువు కనబడగానే చుక్కయ్య నా ఎడమచేతి అంచు పట్టి ఒక్కసారి గుంజేవాడు. ఆ గుంజిన వైపుకు దొర తుపాకి తిప్పి కాల్చేవాడు. తగిలితే దొర గురి, తగలకపోతే చుక్కయ్య పొరపాటు. కాల్చమనడానికి సైగ ఉంది. వద్దు అనడానికి మాత్రం లేదు. దాని అవసరం ఎవరికీ తోచలేదు. దొరను వద్దు అనేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరున్నారు గనుక?

చుక్కయ్య తమ్ముడు ఓదెలు. దొర వేటకు బయలుదేరితే ఊళ్ళో మగవాళ్ళు అడవికి అటువైపు నుంచి డప్పులు కొడుతూ జంతువులను తోలాలి. ఓదెలు వాళ్ళలో ఒకడు. అతని ఒంటి మీద నల్ల గొంగడి ఉండేది. దాన్ని చూస్తే నాకు మొదట్లో నామోషీగా ఉండేది. ముతక, ముళ్ళు ముళ్ళుగా, గొర్రె వాసన. కానీ ఎంత కాదనుకున్నా అదీ ఉన్నే, నేనూ ఉన్నినే. దూరపు చుట్టం పేదవాడైతే పలకరించకుండా తల తిప్పుకుంటారే, అలా తిప్పుకునేవాడిని. దొర దగ్గర ఉండి ఆ మాత్రం నేర్చుకోకపోతే ఎలా?

ఆ పొద్దు మంచు దట్టంగా పట్టింది. వాగు ఒడ్డున పొదల వెనక దొర, పక్కనే చుక్కయ్య. డప్పులు ఇంకా మొదలు కాలేదు. నిప్పు వేసుకుంటే జంతువులు బెదురుతాయని తోలేవాళ్ళకు దొర హుకుం, అందుకని వాగు అవతల ఎవరి గొంగడిలో వాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఓదెలు చలికి తాళలేక గొంగడిని తల మీదుగా కొప్పెర వేసుకుని, ఎండ పొడ ఎక్కడైనా తగులుతుందేమోనని వాగు ఇవతలికి వచ్చాడు. అక్కడ గొంతుక్కూర్చున్నాడు. మంచులో నల్లగా, గుండ్రంగా ఒక ఆకారం కదిలింది. దొర తుపాకి లేచింది.

చుక్కయ్యకు ఆ గొంగడి తెలుసు. అది తన తల్లి వడికిన ఉన్ని. అతని గొంతు పెగలలేదు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ వచ్చి నా ఎడమచేతి అంచు పట్టి గట్టిగా గుంజింది. వద్దు అనడానికే గుంజాడు. దొరకు మాత్రం అది "ఉంది, కొట్టు" అని అందింది. నా భుజం మీద తోలు ముక్కకు తుపాకి మడమ తన్నింది.

దొర మొదట నవ్వాడు. "గుడ్డెలుగు పడ్డదిరా!" అన్నాడు. చుక్కయ్య అప్పటికే పరుగెత్తుతున్నాడు.

తర్వాత ఏం జరిగిందో నేను చెప్పకపోయినా మీకు తెలుస్తుంది. దొర వాగు దగ్గరికి వచ్చి చూసి రాయిలా నిలబడిపోయాడు. ఆయన గుండె నా లోపలి జేబు కిందే కదా, అది కొట్టుకున్న తీరు నాకు తెలుసు. ఆయనకు భయం వేసింది, జాలి కూడా వేసింది. అబద్ధం చెప్పను. కానీ మనిషికి భయం, జాలి ఒకేసారి వస్తే జాలి ఎక్కువసేపు నిలవదు.

"నువ్వే కదరా గుంజినవ్?" అన్నాడు చుక్కయ్యతో.

చుక్కయ్య తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని పళ్ళు టకటకలాడేలా వణుకుతున్నాడు.

"వొద్దని గుంజిన దొరా..."

"వొద్దని గుంజుడేందిరా? ఎన్నడన్న గుంజినవా అట్ల?" గొంతు తగ్గించి, "అయిందేదో అయింది. గుడ్డెలుగు మీద పడ్డది, సంపింది. నువ్వు జూసినవ్, నేను జూసిన" అన్నాడు.

దొర నన్ను విప్పి, తన చేతులతో చుక్కయ్యకు తొడిగి, గుండీలు కూడా తానే పెట్టాడు. "చలికి వణుకుతున్నవ్, ఉంచుకో" అన్నాడు. ఆ ప్రాంతంలో దొర స్వయంగా బట్ట తొడిగితే అది ఊరికే ఇచ్చినట్టు కాదు. తొడిగించుకున్నవాడు దొర మనిషి. దొర మాట కాదంటే ఆ బట్టను అవమానించినట్టు. చుక్కయ్య వణుకు మెల్లగా తగ్గింది. నేను మంచి ఉన్నిని, నా పని నేను చేశాను. ఆ పనికి ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

శవాన్ని కట్టెల మీద మోసుకుని ఊరికి బయలుదేరారు. ముందు చుక్కయ్య నడుస్తున్నాడు. అడవి నుంచి కేక వినబడి ఓదెలు భార్య సాయవ్వ ఊరి చివరకు పరుగెత్తుకొచ్చింది. మంచులో ఆమెకు మనిషి కనబడలేదు, కోటు కనబడింది. వచ్చి కాళ్ళ మీద పడి, "దొరా, నీ కాల్మొక్త, మా ఆయనేడి? మంచిగున్నడా?" అని ఏడ్చింది. తల ఎత్తి చూసింది. దొర కోటులో తన బావ. ఆమె చప్పున లేచి కొంగు సవరించుకుంది. ఏడుపు ఆగిపోయింది. ఏదో అర్థమైనట్టే నా గుండీల వైపు చాలాసేపు చూసింది.

ఊరి పోలీసు పటేలు వచ్చి చుక్కయ్యను అడిగాడు. గుడ్డెలుగు కొట్టిందని చుక్కయ్య చెప్పాడు. నెత్తుటి గొంగడిని దొర మనుషులు అప్పటికే తగలబెట్టారు. నా పేద చుట్టాన్ని నేను ఒక్కసారైనా పలకరించలేదు. శవాన్ని కడిగింది సాయవ్వే కాబట్టి ఆమె కళ్ళకు ఎవరూ గంతలు కట్టలేకపోయారు. సాయంత్రం తలుపు చాటున నిలబడి అంది.

"ఎలుగు గోర్లతోని గీరుతది బావా. మా ఆయన పెయ్యి మీద ఒక్క గీరుడు లేదు. తూటా బొక్క ఒక్కటే ఉన్నది."

చుక్కయ్య నా గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"దొరను ఉరి తియ్యమంటలేను. అయ్యేది కాదని నాకెర్కే. దినాలనాడు కులపోళ్ళ ముందల ఒక్క మాట చెప్పు. ఎలుగు కొట్టలే అను. గంతే."

ఆ ఒక్క మాట ఆమెకు ఎందుకు కావాలంటే, వాళ్ళ కులంలో ఒక కట్టు ఉంది. మృగం చేతిలో పోయినవాడిని పెద్దల్లో కలపరు. దినాలనాడు పెద్దలకు విస్తళ్ళు వేసినప్పుడు అతనికి విస్తరి వెయ్యరు. పండుగకు అతని పేరు తలవరు. అతని పేరు మనవలకు పెట్టరు. చచ్చినవాడు ఇంటికి రాకుండా అడవులు పట్టి తిరుగుతాడని వాళ్ళ నమ్మకం. ఓదెలుకు ఇల్లంటే ఎంత ఇష్టమో సాయవ్వకు తెలుసు.

దినాల రోజు వచ్చింది. చుక్కయ్య నన్ను దండెం మీదే వదిలేసి, పల్చటి అంగీతో వాకిట్లోకి వెళ్ళాడు. నాకు అంతా కనబడుతూనే ఉంది. నేను లేకుండా అతను రావడం చూసి సాయవ్వ ముఖంలో ఆ కొన్నాళ్ళలో మొదటిసారి కొంచెం జీవం వచ్చింది. విస్తళ్ళు వేస్తున్నారు. చుక్కయ్య చలికి వణుకుతూనే లేచి నిలబడ్డాడు.

"మా తమ్మున్ని..." అన్నాడు.

కుల పెద్ద ఎల్లేశం మెత్తటి మనిషి. ఎవరికీ ముల్లు గుచ్చని మనిషి. అతనికీ అంతా తెలుసు. ఊళ్ళో తెలియనిదెవరికి? "ఆగు ఆగు" అంటూ లేచాడు. "బట్ట పెట్టకముందే మాట్లాడుతవేంది? ముందు మైల తీరనియ్యి."

దినాలనాడు చచ్చినవాడి అయినవాళ్ళకు కొత్త బట్ట పెడతారు. బట్ట పెట్టాక మైల తీరినట్టే. పోయినవాడి గురించి ఆపైన ఏ తగువూ ఎత్తకూడదు. ఎల్లేశం దండెం దగ్గరికి వచ్చి నన్ను తీసుకుని, అందరూ చూస్తుండగా చుక్కయ్య భుజాల మీద కప్పాడు.

"దొర తొడిగిన కోటుండంగ వేరే బట్టెందుకు? ఇప్పుడు చెప్పు బిడ్డా, ఏమన్నవ్ మీ తమ్మున్ని?"

నా కింద చుక్కయ్య గుండె దడదడ కొట్టుకుంది. తర్వాత నెమ్మదించింది. వెచ్చబడింది కాబోలు.

"మా తమ్మున్ని గుడ్డెలుగు కొట్టింది" అన్నాడు.

ఓదెలుకు విస్తరి వెయ్యలేదు. మిగిలినవాళ్ళు భోజనాలు చేశారు. కూర బాగుందన్నారు కూడా.

మరునాడు సాయవ్వ బావ ఇంట్లోకి వచ్చి, ఎవరినీ అడగకుండా దండెం మీంచి నన్ను లాక్కుని వెళ్ళింది. చుక్కయ్య పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె జొన్నచేను అడవికి పోయే బాట పక్కనే ఉంది. రెండు కర్రలు అడ్డంగా కట్టి, నన్ను తొడిగి, పైన మసికుండ బోర్లించింది. నన్ను దిష్టిబొమ్మను చేసింది. హైదరాబాదు దర్జీ కుట్టిన గుండీలన్నీ ఒక్కటొక్కటిగా పెట్టింది, ఎవరికో తొడుగుతున్నట్టే.

చలి తగ్గకముందే దొర మళ్ళీ వేటకు వచ్చాడు, కొత్త కోటుతో. జ్వరమని చుక్కయ్య వెంట రాలేదు. బాట మీంచి నన్ను చూసి దొర గుర్రం ఆపాడు.

"ఏం చుక్కిగా, జరమంటివి, చేన్ల నిలబడ్డవేందిరా?"

నేనేం చెప్తాను? ఆయన దగ్గరికి వచ్చాడు. ఇంకా దగ్గరికి వచ్చాడు. మసికుండ కనబడింది. మంచె మీద సాయవ్వ వడిసెల పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవలే అది? నా కోటు గట్ల కట్టినవేంది?"

"గుడ్డెలుగు రాకుంట పెట్టిన దొరా" అంది సాయవ్వ. గొంతులో వణుకు లేదు. "మా ఆయనను కొట్టింది గీ బాటెంబడే తిరుగుతదట. దీన్ని గుర్తుపడతదని పెట్టిన."

దొర ఆమెను చూశాడు, నన్ను చూశాడు. వెంట వచ్చిన జీతగాళ్ళు తలలు వంచుకున్నారు, కానీ వాళ్ళు విన్నారు. దొర గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. వారం తిరక్కుండానే అడవికి ఇంకో బాట నరికించాడు. నరికింది ఈ ఊరి జనమే, వెట్టికి. లోకంలో అంతకు మించి ఏదీ మారలేదు. విస్తరి లేని ఓదెలుకు విస్తరి రాలేదు. జొన్న కోత కాగానే సాయవ్వ పిల్లలను తీసుకుని తల్లిగారి ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

బీడుపడ్డ చేనులో నేను మిగిలాను. వాన నన్ను నానబెట్టింది, ఎండ ఉడకబెట్టింది. పురుగు కాలరును తినేసింది. పిట్టలు ఉన్ని పీక్కుపోయి గూళ్ళు కట్టుకున్నాయి. నా వల్ల ఎవరికైనా పాపం లేని వెచ్చదనం దొరికిందంటే ఆ పిల్లపిట్టలకే.

మళ్ళీ చలికాలం వచ్చాక, ఒకరోజు తెల్లవారుతుండగా చుక్కయ్య వచ్చాడు. ఒంటి మీద చిరిగిన దుప్పటి తప్ప ఏమీ లేదు. నా ఎదురుగా నిలబడి, చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత గొంతు పెంచి, సభలో నిలబడి చెప్తున్నట్టు అన్నాడు.

"మా తమ్మున్ని ఎలుగు కొట్టలే. దొర కాల్చిండు. నేను జూసిన."

అదే ఆ మాట. ఒక్క పొల్లు తక్కువ కాలేదు. ఆమె అడిగినప్పుడు రానిది, పెద్దలకు విస్తళ్ళు వేసిననాడు రానిది, ఖాళీ చేనులో ఎంత స్పష్టంగా వచ్చిందో! మనసు తేలికైనట్టు అతను కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. తల వంచి, రెండు చేతులూ జోడించి, దొరకు పెట్టినట్టే నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.